జీపీఎస్ మాడ్యూల్ మెసేజ్‌ల నుంచి కచ్చితమైన టైమ్ తీయడం: మొదటి నుంచి చివరి దాకా

కొన్ని వందల రూపాయలకు దొరికే జీపీఎస్ మాడ్యూల్‌ను రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు తగిలిస్తే చాలు, సెకనుకోసారి తేదీ, టైమ్ వరుసలు వరుసలుగా వచ్చి పడతాయి. వాటిని అలాగే తీసుకుని కంప్యూటర్ గడియారంలో పెట్టేస్తే మాత్రం, ఇంటర్నెట్ మీద గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ ఇచ్చే టైమ్ కన్నా అధ్వాన్నంగా ఉంటుంది. ఇక్కడే చాలామంది మాడ్యూల్ చెడిపోయిందనుకుని పక్కన పడేస్తారు. మాడ్యూల్ బాగానే ఉంది. దాని లోపల టైమ్ నానోసెకన్ల లెక్కలో ఉంది. అది అక్షరాలుగా మారి, సీరియల్ వైర్ మీద మన దాకా వచ్చేసరికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి సగం కూడా గడిచిపోతుంది.

ఫలానా రైలు ప్లాట్‌ఫామ్ మీదకు వచ్చిందని మైకులో వినపడేసరికి రైలు వచ్చి ఆగి ఉంటుంది. ఆ మాట వల్ల ఏ రైలో తెలుస్తుంది కానీ ఏ క్షణాన వచ్చిందో తెలియదు. జీపీఎస్ మెసేజ్ కూడా అంతే, ఇది ఏ సెకనో చెబుతుంది. ఆ సెకను సరిగ్గా ఎప్పుడు మొదలైందో చెప్పేది పీపీఎస్ అనే వేరే పిన్ మీద సెకనుకోసారి వచ్చే పల్స్ (చిన్న విద్యుత్ సంకేతం). మెసేజ్‌ను సరిగ్గా చదవడం ఒక పని, పల్స్‌ను సరిగ్గా పట్టుకోవడం ఇంకో పని. రెండూ విడివిడిగా కుదిరాకే కలపాలి.

మీకు ఎంత కచ్చితత్వం కావాలి?

ఆఫీసు హాజరు మెషీన్‌కో, లాగ్ ఫైళ్లకో అయితే ఎన్‌టీపీ చాలు, ఇదంతా అక్కర్లేదు. భూకంపాల పని వేరు. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ లాంటి సంస్థలు వేర్వేరు స్టేషన్లకు తరంగం ఏ క్షణాన చేరిందో పోల్చి భూకంప కేంద్రాన్ని లెక్కగడతాయి. భూమి పైపొరలో మొదటి తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. ఒక స్టేషన్ గడియారం 0.1 సెకను తప్పితే దూరం లెక్క 600 మీటర్లు తప్పుతుంది. కరెంటు సబ్‌స్టేషన్లలో ఇంకా బిగువు. మన 50 హెర్ట్జ్ కరెంటులో 1 మిల్లీసెకను తేడా అంటే ఫేజ్‌లో 18 డిగ్రీలు. అక్కడ మైక్రోసెకన్ల లెక్క నడుస్తుంది. మనం ఇక్కడ చేయబోయే సెటప్‌తో కొద్ది మైక్రోసెకన్ల దాకా వెళ్లొచ్చు.

వైరింగ్

యూబ్లాక్స్ నియో 6ఎమ్ మాడ్యూల్ మన బజార్లలో తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. కొనేటప్పుడు ఒక్క విషయం చూడండి. చాలా బోర్డుల మీద నాలుగే పిన్నులుంటాయి: పవర్, గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది). పీపీఎస్ సిగ్నల్ మెరిసే ఎల్‌ఈడీ దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. పీపీఎస్‌కు విడిగా ఐదో పిన్ ఉన్న బోర్డే తీసుకోండి. యూఎస్‌బీ డాంగిల్ వద్దు, చాలావాటిలో పీపీఎస్ బయటకు రాదు.

మాడ్యూల్ టీఎక్స్‌ను పై బోర్డు 10వ పిన్‌కు, మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌ను 8వ పిన్‌కు, పీపీఎస్‌ను 12వ పిన్‌కు, అంటే జీపీఐఓ 18కి, కలపండి. పై బోర్డు పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సిగ్నల్ తగిలితే పాడవుతాయి. తర్వాత సెట్టింగ్స్‌లో సీరియల్ కన్సోల్‌ను ఆపేసి, సీరియల్ పోర్టును మాత్రం ఆన్‌లో ఉంచాలి. రాస్ప్‌బెర్రీ పై 3, పై 4 బోర్డుల్లో మంచి సీరియల్ పోర్టును బ్లూటూత్ వాడుకుంటుంది. బ్లూటూత్ అవసరం లేకపోతే ఆపేసి ఆ పోర్టును జీపీఎస్‌కు ఇవ్వండి.

యాంటెన్నాకు ఆకాశం కనపడాలి. స్లాబు కింద, గది మధ్యలో పెట్టి ఫిక్స్ (ఉపగ్రహాల నుంచి స్థానం, టైమ్ దొరకడం) రాలేదని టెన్షన్ పడొద్దు. కిటికీ అంచున పెట్టినా మొదటి పరీక్షకు సరిపోతుంది.

మెసేజ్‌ను చదవడం

మాడ్యూల్ మామూలుగా ఎన్‌ఎమ్‌ఈఏ 0183 పద్ధతిలో, 9600 బాడ్ వేగంతో మాట్లాడుతుంది. ప్రతి వాక్యం డాలర్ గుర్తుతో మొదలై, కామాలతో విడిపోయి, నక్షత్రం గుర్తు, ఆ తర్వాత రెండు అక్షరాల చెక్‌సమ్‌తో (తప్పులు పట్టే అంకె) ముగుస్తుంది. టైమ్ కోసం మనకు పనికొచ్చేవి రెండే: ఆర్‌ఎమ్‌సీ, జెడ్‌డీఏ. జీజీఏలో కూడా టైమ్ ఉంటుంది కానీ తేదీ ఉండదు. టైమ్‌ను జీజీఏ నుంచి, తేదీని అంతకుముందు వచ్చిన ఆర్‌ఎమ్‌సీ నుంచి తీసుకునే ప్రోగ్రాములున్నాయి. అవి రోజూ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి, అంటే మన తెల్లవారుజాము 5:30కి, ఒక్క క్షణం పాటు ఒక రోజు వెనక్కి పోయే ప్రమాదం ఉంది. తేదీ, టైమ్ రెండూ ఒకే వాక్యం నుంచి తీసుకోండి.

ఒక ఆర్‌ఎమ్‌సీ వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. వాక్యం పేరు తర్వాత మొదటి ఫీల్డు 183000.00. అంటే యూటీసీ 18 గంటల 30 నిమిషాల 00 సెకన్లు. రెండో ఫీల్డు ఒకే అక్షరం, ‘ఏ’ (ఫిక్స్ ఉంది) లేదా ‘వీ’ (ఫిక్స్ లేదు). ఆ తర్వాత నాలుగు ఫీల్డులు అక్షాంశ రేఖాంశాలు, ఇంకో రెండు వేగం, దిశ. తొమ్మిదో ఫీల్డు తేదీ: 310825. ముందు రోజు, తర్వాత నెల, చివర సంవత్సరం, అంటే 2025 ఆగస్టు 31. దానికి 5:30 గంటలు కలిపితే సరిగ్గా అర్ధరాత్రి దాటుతుంది, మన లెక్కలో సెప్టెంబరు 1 మొదలైంది. తేదీ, నెల రెండూ మారే ఇలాంటి క్షణాన్నే మీ ప్రోగ్రాముకు పరీక్షగా పెట్టండి. కంప్యూటర్ లోపల మాత్రం అంతా యూటీసీలోనే ఉంచి, తెర మీద చూపించేటప్పుడే భారత కాలమానంలోకి మార్చడం మంచిది.

సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయి, గమనించారా? జెడ్‌డీఏలో నాలుగంకెలుంటాయి. నియో 6ఎమ్ జెడ్‌డీఏను మామూలుగా పంపదు, సెట్టింగ్ మార్చి ఆన్ చేసుకోవాలి. టైమ్ కోసమే మాడ్యూల్ వాడుతుంటే ఆన్ చేయమనే నా సలహా. కానీ జెడ్‌డీఏలో ఆ ఏ, వీ అక్షరం లేదు. అందుకని ఆర్‌ఎమ్‌సీని పూర్తిగా వదిలేయడానికి వీల్లేదు.

చెక్‌సమ్ లెక్క తేలిక. డాలర్‌కూ నక్షత్రానికీ మధ్యనున్న ప్రతి అక్షరం కోడ్‌నూ వరుసగా ఎక్స్‌ఓఆర్ (బిట్లు వేరుగా ఉన్నచోట 1, ఒకేలా ఉన్నచోట 0) చేయడమే. జీపీఎస్‌ది మాత్రమే అయిన ఆర్‌ఎమ్‌సీ పేరు జీ, పీ, ఆర్, ఎమ్, సీ. వీటి కోడ్‌లు 71, 80, 82, 77, 67. 71ను 80తో ఎక్స్‌ఓఆర్ చేస్తే 23 వస్తుంది, దాన్ని 82తో చేస్తే 69, తర్వాత 77తో 8, చివరికి 67తో 75. ఇలా నక్షత్రం దాకా వెళ్లి, వచ్చినదాన్ని హెక్సాలో రాస్తే చివరి రెండక్షరాలతో సరిపోవాలి. సరిపోకపోతే ఆ వాక్యాన్ని పారేయండి, బాగుచేసే ప్రయత్నం వద్దు. ఒకే స్థానంలోని బిట్ రెండు అక్షరాల్లో తారుమారైతే ఈ చెక్‌సమ్ పసిగట్టలేదు. కాబట్టి ఇంకో కాపలా పెట్టండి: కొత్త టైమ్ పాతదానికన్నా సరిగ్గా ఒక సెకను ఎక్కువ ఉండాలి. లేకపోతే వరుసగా ఐదారు వాక్యాలు ఒకే మాట చెప్పేదాకా నమ్మొద్దు.

టైమ్ కనపడుతోంది కదా అని నమ్మకూడని సందర్భాలు

ఈ భాగాన్ని తొందరపడి దాటేయకండి. మాడ్యూల్‌లో చిన్న బ్యాటరీ ఉంటే, ఉపగ్రహాలేవీ దొరకకముందే తన లోపలి గడియారం చూసి టైమ్ చెప్పేస్తుంది. చూడ్డానికి చక్కగానే ఉంటుంది. అప్పుడు ఆర్‌ఎమ్‌సీ రెండో ఫీల్డులో వీ ఉంటుంది. వీ ఉన్నంతసేపూ ఆ టైమ్ వాడొద్దు.

‘ఏ’ వచ్చాక కూడా ఇంకో చిక్కుంది. జీపీఎస్ టైమ్ 1980 జనవరి 6న యూటీసీతో సమానంగా మొదలైంది. ఆ తర్వాత యూటీసీకి లీప్ సెకన్లు (భూభ్రమణంతో సరిపెట్టే అదనపు సెకన్లు) కలుపుతూ వచ్చారు, జీపీఎస్ మాత్రం వాటిని పట్టించుకోలేదు. ఇప్పుడు జీపీఎస్ టైమ్ యూటీసీ కన్నా 18 సెకన్లు ముందుంది. చివరి లీప్ సెకను 2016 డిసెంబరు 31 చివర కలిపారు. మనకది 2017 జనవరి 1 ఉదయం 5:29:60.

ఈ 18 అనే అంకెను మాడ్యూల్ ఉపగ్రహం నుంచే తెలుసుకోవాలి. ఉపగ్రహం సందేశం సెకనుకు 50 బిట్ల చొప్పున, చాలా మెల్లగా వస్తుంది. 6 సెకన్లకో సబ్‌ఫ్రేమ్, 30 సెకన్లకో ఫ్రేమ్. వారంలో ఎన్నో సెకనో ప్రతి సబ్‌ఫ్రేమ్‌లోనూ ఉంటుంది కాబట్టి అది వెంటనే తెలుస్తుంది. లీప్ సెకన్ల వివరం మాత్రం నాలుగో సబ్‌ఫ్రేమ్ 18వ పేజీలో ఉంటుంది. 25 పేజీలూ తిరిగి రావడానికి 12.5 నిమిషాలు పడుతుంది. ఆ పేజీ అందేదాకా మాడ్యూల్ తన ఫర్మ్‌వేర్‌లో ఎప్పుడో రాసిపెట్టిన పాత అంకె వాడుతుంది. ఫర్మ్‌వేర్ పాతదైతే మొదటి కొన్ని నిమిషాలు టైమ్ రెండు మూడు సెకన్లు తప్పుగా ఉండి, ఉన్నట్టుండి సర్దుకుంటుంది. కాబట్టి బ్యాటరీ లేని మాడ్యూల్‌ను ఆన్ చేశాక కనీసం 15 నిమిషాలు ఆగండి.

ఆగడం కన్నా మంచి దారి కూడా ఉంది. యూబ్లాక్స్ వాళ్ల సొంత బైనరీ పద్ధతి యూబీఎక్స్‌లో నావ్ టైమ్‌యూటీసీ అనే మెసేజ్ అడగండి. అందులో మూడు జెండా బిట్లుంటాయి: వారంలో సెకను తెలుసా, వారం సంఖ్య తెలుసా, లీప్ సెకన్లు తెలుసా. మూడోది 1 అయ్యాకే టైమ్ వాడండి. మామూలు ఎన్‌ఎమ్‌ఈఏ వాక్యాల్లో ఈ సంగతి తెలియదు. అదే మెసేజ్‌లో తన టైమ్ ఎంత నమ్మదగ్గదో మాడ్యూల్ వేసుకున్న అంచనా కూడా నానోసెకన్లలో ఉంటుంది.

ఆ మెసేజ్‌లో నానోసెకన్ల ఫీల్డు ఒకటుంది, అది మైనస్ కావచ్చు. సెకన్ల ఫీల్డులో 10, నానో ఫీల్డులో మైనస్ 150 ఉంటే అసలు టైమ్ 10 సెకన్లకు 150 నానోసెకన్లు తక్కువ. ఆ ఫీల్డును గుర్తు లేని అంకెగా చదివితే 4.29 సెకన్లు ఎక్కువ చూపిస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే 4 సెకన్లకు పైగా గెంతే గడియారం కనపడితే ముందు ఈ లైన్ చూడండి.

సీరియల్ ఆలస్యాన్ని కొలవడం

9600 బాడ్ అంటే సెకనుకు 960 అక్షరాలు. 70 అక్షరాల ఆర్‌ఎమ్‌సీ వాక్యం పూర్తిగా రావడానికే 73 మిల్లీసెకన్లు కావాలి. దానికి ముందు, స్థానాన్ని లెక్కగట్టడానికి మాడ్యూల్ తీసుకునే టైమ్ ఎలాగూ ఉంది. ఈ ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే తీసేసి ఊరుకోవచ్చు. ఒకేలా ఉండదు. ఎందుకో జీఎస్‌వీ వాక్యాలు చూస్తే అర్థమవుతుంది. ఒక్కో జీఎస్‌వీలో నాలుగు ఉపగ్రహాల వివరాలు పడతాయి. కనపడే ఉపగ్రహాలు 8 నుంచి 9 అయితే కొత్తగా ఇంకో వాక్యం వస్తుంది, దాని వెనక వచ్చేవన్నీ ఆ మేరకు వెనక్కి జరుగుతాయి. నియో 6ఎమ్‌లో వరుస ఆర్‌ఎమ్‌సీతో మొదలై జీఎల్‌ఎల్‌తో ముగుస్తుంది. జీఎల్‌ఎల్ వచ్చిన క్షణాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఒక్కో ఉపగ్రహం ఉదయించినప్పుడూ అస్తమించినప్పుడూ మీ టైమ్ పదుల మిల్లీసెకన్లు గెంతుతుంది.

అందుకని అవసరం లేని వాక్యాలన్నీ ఆపేయండి. ఆర్‌ఎమ్‌సీ, జెడ్‌డీఏ ఉంచితే చాలు. బాడ్ రేట్‌ను 115200కి పెంచితే అదే 70 అక్షరాలు 6 మిల్లీసెకన్లలో వచ్చేస్తాయి. వాక్యం వచ్చిన క్షణాన్ని దాని డాలర్ గుర్తు దగ్గరే గుర్తుపెట్టుకోండి, చివర్లో కాదు. మిగిలిన ఆలస్యాన్ని ఎన్‌టీపీ సర్వర్లతో పోల్చి సగటు తీయండి. ఇంత చేసినా దక్కేది పది ఇరవై మిల్లీసెకన్లలోపు కచ్చితత్వమే. పల్స్‌కు సరైన సెకను పేరు పెట్టడానికి మాత్రం ఇది ధారాళంగా సరిపోతుంది.

పల్స్‌ను పట్టుకోవడం

ఫిక్స్ దొరికాక పీపీఎస్ పిన్ ప్రతి సెకను మొదట్లో పైకి లేచి, 100 మిల్లీసెకన్లు అక్కడే ఉండి, కిందికి దిగుతుంది. పైకి లేచే అంచే అసలైన క్షణం. నియో 6ఎమ్ డేటాషీట్ ప్రకారం ఆ అంచు 30 నానోసెకన్ల దరిదాపుల్లో నిక్కచ్చిగా ఉంటుంది. పై బోర్డులో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆ అంచును ఇంటరప్ట్‌గా పట్టుకుంటుంది, అక్కడ కొన్ని మైక్రోసెకన్లు పోతాయి. అంటే మన సెటప్‌లో బలహీనమైన భాగం మాడ్యూల్ కాదు, పై బోర్డే.

బూట్ సెట్టింగ్స్ ఫైల్‌లో పీపీఎస్ జీపీఐఓ ఓవర్‌లేను ఆన్ చేసి రీబూట్ చేస్తే సరి. అది మామూలుగానే జీపీఐఓ 18ని చూస్తుంది. పీపీఎస్ టెస్ట్ ప్రోగ్రాముతో చూస్తే సెకనుకో వరుస రావాలి. కింది అంచును పట్టుకుంటున్నట్టయితే మీ గడియారం స్థిరంగా 100 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. ఊగిసలాట ఏమీ ఉండదు కాబట్టి గ్రాఫ్ చూసి మోసపోతాం. ఎన్‌టీపీతో పోల్చితేనే బయటపడుతుంది.

రెండింటినీ కలపడం

జీపీఎస్‌డీ, క్రోనీ అనే రెండు ప్రోగ్రాములు ఈ పని చక్కగా చేస్తాయి. జీపీఎస్‌డీ మెసేజ్‌లు చదివి షేర్డ్ మెమరీలో పెడుతుంది, క్రోనీ వాటిని చూసి కంప్యూటర్ గడియారాన్ని సరిచేస్తుంది. క్లయింట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే చదవడం మొదలుపెట్టే ఆప్షన్ జీపీఎస్‌డీకి ఇవ్వడం మర్చిపోవద్దు. క్రోనీ కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు రిఫ్‌క్లాక్ (టైమ్ మూలం) లైన్లు రాయాలి. మొదటిది షేర్డ్ మెమరీ 0, దానికి ఎన్‌ఎమ్‌ఈఏ అని పేరు. ఇది సెకను పేరు చెప్పడానికే కాబట్టి నోసెలెక్ట్ అని రాయండి, అప్పుడు క్రోనీ దాన్ని టైమ్ మూలంగా ఎంచుకోదు. రెండోది పీపీఎస్ డివైస్, దాన్ని లాక్ ఆప్షన్‌తో ఎన్‌ఎమ్‌ఈఏకు కట్టేయాలి.

ఇందాక కొలిచిన సీరియల్ ఆలస్యాన్ని మొదటి లైన్‌లో ఆఫ్‌సెట్‌గా ఇవ్వండి. ప్లస్, మైనస్ తారుమారైతే తేడా తగ్గే బదులు రెట్టింపవుతుంది, అందుకే మార్చిన ప్రతిసారీ మళ్లీ చూడాలి. ఎన్‌ఎమ్‌ఈఏ తేడా అర సెకనుకు దగ్గరైతే పల్స్‌కు పక్క సెకను పేరు అంటుకుని, గడియారం నిండుగా ఒక సెకను తప్పుతుంది.

జీపీఎస్‌డీ వాడకుండా సొంతంగా కోడ్ రాస్తే ఒక తేడా గుర్తుంచుకోండి. పల్స్ ముందు వస్తుంది, దాని పేరు చెప్పే ఎన్‌ఎమ్‌ఈఏ వాక్యం తర్వాత వస్తుంది. యూబీఎక్స్‌లోని టిమ్ టీపీ మెసేజ్ దీనికి తిరగబడి, రాబోయే పల్స్ గురించి ముందే చెబుతుంది.

వారం సంఖ్య తిరగబడటం

ఉపగ్రహం సంవత్సరాన్ని చెప్పదు. వారం సంఖ్య చెబుతుంది, అదీ పది బిట్లలో. 1024 వారాలకోసారి అది మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో, 2019 ఏప్రిల్‌లో అలా జరిగింది, ఇక 2038 నవంబరులో జరుగుతుంది. పైన చూసిన 2025 ఆగస్టు 31 సాయంత్రం 18:30:00 యూటీసీనే తీసుకోండి. అది జీపీఎస్ మొదలైన నాటి నుంచి 2382వ వారం, ఆ వారంలో 66618వ సెకను (18 సెకన్లు కలిపాక). ఉపగ్రహం పంపేది మాత్రం 334. రెండు సార్లు తిరిగిందని మాడ్యూల్‌కు తెలిస్తే 2382 వస్తుంది. ఒక్కసారే అనుకుంటే తేదీ 2006 జనవరి 15 అవుతుంది. టైమ్ సెకనుతో సహా సరిగ్గా ఉండి, తేదీ మాత్రం ఇరవై ఏళ్ల వెనక ఉంటే కారణం ఇదే. 7168 రోజులు కలిపితే సరిపోతుంది, మాడ్యూల్ పారేయనక్కర్లేదు.

ఈ లోపం మాడ్యూల్‌లోనే ఉండాలని లేదు. జీపీఎస్‌డీ 3.20 నుంచి 3.22 దాకా ఉన్న వెర్షన్లు 2021 అక్టోబరు 24న తేదీని 2002 మార్చికి తోసేశాయి, అప్పుడు ఉపగ్రహాల వైపు ఏ తప్పూ లేదు. మీ బోర్డులో 3.23 గానీ ఆ పైది గానీ ఉండాలి.

ఎన్‌ఎమ్‌ఈఏ కాకుండా ముడి సందేశాలు చదివేవాళ్లకు ఇంకో మాట. మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ టైమ్ 1999 ఆగస్టు 22 నుంచి లెక్క, సెకన్లలో జీపీఎస్‌తో సమానంగా నడుస్తుంది. చైనా బైడూ జీపీఎస్ కన్నా 14 సెకన్లు వెనక. రష్యా గ్లోనాస్ లీప్ సెకన్లతో సహా యూటీసీని అనుసరిస్తుంది, మాస్కో మూడు గంటల తేడాతో.

సరిచూసుకోవడం

క్రోనీ సోర్సెస్ పట్టికలో పీపీఎస్ లైన్ ముందు హ్యాష్, నక్షత్రం గుర్తులు రెండూ కనపడాలి. దాంతోపాటు మూడు నాలుగు ఎన్‌టీపీ సర్వర్లను కూడా కాన్ఫిగ్‌లో ఎప్పుడూ ఉంచండి. భారత కాలమానాన్ని నిలబెట్టే ఢిల్లీలోని ఎన్‌పీఎల్ సర్వర్ వాటిలో ఒకటైతే మంచిది. కంపెనీ సర్వర్ల కోసం చేస్తుంటే ఇలాంటి సర్వర్ తప్పనిసరి అనుకోండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఎన్‌ఐసీ (ప్రభుత్వ ఐటీ సంస్థ) లేదా ఎన్‌పీఎల్ టైమ్‌తో, లేదా వాటికి ముడిపడిన సర్వర్లతో గడియారాలు కలిసి ఉండాలని ఉంది.

జీపీఎస్ అంత కచ్చితమైంది కదా, మళ్లీ ఎన్‌టీపీ ఎందుకని అడుగుతారు. 2016 జనవరి 26న ఒక పాత ఉపగ్రహాన్ని తీసేసే క్రమంలో యూటీసీకి సంబంధించిన అంకెలు తప్పుగా ప్రసారమయ్యాయి. దారి చూపడంలో ఎవరికీ తేడా తెలియలేదు. యూటీసీ మాత్రం గంటల తరబడి 13 మైక్రోసెకన్లు తప్పింది, టెలికాం పరికరాలు చాలా చోట్ల అలారాలు మోగించాయి. అంత చిన్న తేడాను ఎన్‌టీపీ పట్టుకోలేదు. అలాంటిది ముఖ్యమైతే వేరే వ్యవస్థ, అంటే యూరప్ గెలీలియోనో నావిక్‌నో చూసే రెండో రిసీవర్ కావాలి. కానీ ఒక సెకను, 100 మిల్లీసెకన్లు, 18 సెకన్లు, ఇరవై ఏళ్లు లాంటి తప్పులన్నిటినీ ఎన్‌టీపీ ఇట్టే పట్టేస్తుంది. ఇళ్లలో, చిన్న ల్యాబుల్లో జరిగేవి ఎక్కువగా ఇవే.

ఒక పూర్తి రోజు నడవనిచ్చి, తేడాల లాగ్‌ను గ్రాఫ్ గీయండి. మధ్యాహ్నం ఎండకు బోర్డు వేడెక్కినప్పుడు గీత కొద్దిగా వంగితే అది పై బోర్డు క్రిస్టల్ గుణం, భయపడనక్కర్లేదు. బోర్డును డబ్బాలో పెట్టి నేరుగా ఫ్యాన్ గాలి తగలకుండా చూస్తే ఆ వంపు తగ్గుతుంది. మధ్యమధ్యలో పల్స్ ఆగిపోతుంటే యాంటెన్నాను డాబా మీదకు మార్చండి. అక్కడి నుంచి గదిలోకి కేబుల్ లాగితే మీటరుకు సుమారు 5 నానోసెకన్లు కలుస్తాయి. పది మీటర్లకు 50. పై బోర్డుతో అయితే దాన్ని వదిలేయొచ్చు. టైమింగ్ కోసమే చేసిన రిసీవర్‌కు మారితే మాత్రం ఆ అంకెను కేబుల్ ఆలస్యం సెట్టింగ్‌లో రాసుకోవాలి.